ఆపా అడిగిన సవాల్

ఉర్దూలో చర్మాన్ని జిల్ద్ అంటారు. కితాబుకు వేసే అట్టనూ జిల్దే అంటారు. ఉర్దూ మీడియంలో చదువుకున్న మాకు ఆ రెండూ ఒకే మాట. పేజీలు ఊడిపోతే కితాబును జిల్ద్‌సాజ్ దగ్గరికి పట్టుకెళ్లేవాళ్లం. ఆయన దారం, జిగురు, గట్టి కాగితం పెట్టి మళ్లీ నిలబెట్టేవాడు. తర్వాత డిగ్రీ తెలుగులో చేసినప్పుడు చర్మం, తోలు, మేని ఛాయ లాంటి మాటలు బోలెడు నేర్చుకున్నాను గానీ వాటిలో కితాబు కనిపించలేదు. ఈమధ్య మూడు నెలలపాటు చర్మం గురించి చదవాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ ఉర్దూ మాటే నాకు పనికొచ్చింది. జిల్ద్ లోపల నిజంగానే ఒక రాత ఉంది. ఎండ ఆ రాతను చెడగొడుతుంది. దాన్ని దిద్దేవాళ్లున్నారు, కావలి కాసేవాళ్లున్నారు. స్కిన్ కాన్సర్ ఎప్పుడొస్తుంది, ఎప్పుడు రాదు అన్నది వీళ్లందరి మధ్య నడిచే కహానీ.

చదవాల్సి రావడానికి కారణం మా ఆపా. ఆమె బిడ్డ, నా భాంజీ, ఇంటర్ మొదటి సంవత్సరం. రెండేళ్ల కింద మోచేతుల మీద సఫేద్ దాగ్ మొదలైంది. తర్వాత కళ్ల చుట్టూ, పెదవి పక్కన. తెలుగులో బొల్లి అంటారు, హకీములు బర్స్ అంటారు, డాక్టర్లు విటిలిగో అంటారు. డాక్టరమ్మ పూతమందుతో పాటు లైట్ ట్రీట్‌మెంట్ రాసింది. వారానికి రెండుసార్లు మిషిన్ ముందు నిలబడాలి. ఎండలో ఉండే అల్ట్రావయొలెట్ కిరణాల్లోంచి ఒక ముక్కనే ఆ మిషిన్ ఇస్తుందని చెప్పిందట. అదే వారం ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక ఫార్వర్డ్ పెట్టారు. అల్ట్రావయొలెట్ వల్ల చర్మ కాన్సర్ వస్తుందని, జాగ్రత్త అని.

ఆపా నాకు ఫోన్ చేసి ఒకటే అడిగింది. "క్యా రే, దాగాఁ జానా బోల్కే కాన్సర్ ఖరీద్ లేరైఁ క్యా అపన్?"

మచ్చలు పోవాలని కాన్సర్‌ను కొనుక్కుంటున్నామా అని. నేను డాక్టర్‌ని కాను, సహాఫీని. కానీ మా ఖాందాన్‌లో కాగితం మీద ఉన్నదేదైనా చదివి చెప్పే డ్యూటీ నాదే. ఆ సవాల్‌లో ఎంత భయం ఉందో కూడా నాకు తెలుసు. ఎందుకంటే మా ఇంట్లో ఇది మొదటిసారి కాదు.

మా ఫుప్పుకు, అంటే అబ్బా చెల్లెలికి, పదమూడేళ్లప్పుడు బర్స్ వచ్చింది. మా కస్బాలో హకీమ్ సాబ్ బాబ్చీ నూనె ఇచ్చారు. తెలుగులో బావంచాలు అంటామే, ఆ గింజల నూనె. దాగ్ మీద పూసుకుని పొద్దున ఎండలో కూర్చోవాలి. ఫుప్పు మిద్దె మీద గోడవైపు మొహం పెట్టి కూర్చునేదని దాదీ చెప్పేది. కొన్నిచోట్ల రంగు తిరిగొచ్చింది. కొన్నిచోట్ల బొబ్బలెక్కి పుండ్లు పడ్డాయి. వేళ్లమీద, పెదాల మీద మాత్రం తెల్లగానే ఉండిపోయింది. రిష్తాలు వచ్చేవి, చాయ్ తాగేవి, వెళ్లిపోయేవి. ఆమె జిందగీ అంతా మొహల్లా పిల్లలకు సిపారా చదివించి, కుట్టుమిషన్ తొక్కి గడిపేసింది. దావత్‌లలో ఆమె కూర్చున్న దస్తర్‌ఖాన్ దగ్గర ఎప్పుడూ ఒక జాగా ఖాళీగా ఉండేది. ఆమెకున్నది అంటుకునే బిమారీ కాదు. ప్రాణం తీసేది అంతకన్నా కాదు. ఆరేళ్ల కింద వయసు మీదపడి వెళ్లిపోయింది. ఆపాకు భాంజీ మోచేతులు చూస్తే ఫుప్పు వేళ్లు గుర్తొస్తాయి. అందుకే ఏ వైద్యమైనా చేయించాలని ఒకవైపు, ఆ వైద్యమే ఇంకేం తెస్తుందోనని ఇంకోవైపు.

హకీమ్ సాబ్ చేసింది తుక్కా కాదు. దాని వెనక పెద్ద తారీఖ్ ఉంది. స్పెయిన్‌లోని మాలగాలో పుట్టి 1248లో దమిష్క్‌లో కన్నుమూసిన ఇబ్న్ అల్ బైతార్ మందుమొక్కల మీద పెద్ద కితాబు రాశాడు. అందులో ఆత్రిలాల్ అనే మొక్క గింజల గురించి ఉంది. బర్స్ ఉన్నవాళ్లకు అవి తినిపించి ఎండలో కూర్చోబెట్టాలని. 1940లలో ఈజిప్టు రసాయన శాస్త్రజ్ఞులు ఆ గింజల్లోంచే అసలు పదార్థాన్ని వేరుచేశారు. అబ్దుల్ మొనెమ్ ఎల్ మోఫ్తీ అనే డాక్టర్ దాన్ని బర్స్ మరీజులకు ఇచ్చి చూశాడు. ఆ పదార్థాల పేరు సోరాలెన్లు. మన బావంచాల్లో ఉండేవీ అవే. సోరాలెన్ చర్మంలో ఉండగా ఎండ తగిలితే అది డీఎన్‌ఏకు అతుక్కుంటుంది. ఎక్కువైతే బొబ్బలెక్కుతాయి. ఫుప్పుకు జరిగింది అదే. హైదరాబాద్ ఎర్రగడ్డలో ఉన్న యునానీ చర్మవ్యాధుల జాతీయ పరిశోధనా సంస్థకు ఇప్పటికీ దూరదూరాల నుంచి బర్స్ మరీజులు వస్తూనే ఉంటారు.

1974లో బోస్టన్ డాక్టర్లు సోరాలెన్ మాత్ర, మిషిన్ వెలుగు కలిపి సోరియాసిస్ మీద వాడారు. దానికి పువా అని పేరు పెట్టారు. పొలుసులు రాలిపోయి చర్మం శుభ్రమైంది. ఆ వైద్యం తీసుకున్న 1,380 మందిని అమెరికాలో ఏళ్ల తరబడి గమనించారు. ఎక్కువసార్లు తీసుకున్నవాళ్లలో స్క్వామస్ సెల్ అనే రకం చర్మ కాన్సర్ బాగా పెరిగింది. అంటే వాట్సాప్ ఫార్వర్డ్ ఊరికే గాలిలోంచి రాలేదు. కానీ ఆపాకు జవాబు చెప్పాలంటే, వెలుగు కాన్సర్‌ను ఎలా తెస్తుందో ముందు తెలియాలి.

మొదటి సంగతి రాత చెడటం. మన కణంలో డీఎన్‌ఏ నాలుగు అక్షరాల రాత. ఎండలోని అల్ట్రావయొలెట్ బి కిరణం దానికి తగిలితే పక్కపక్కనున్న రెండు అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కణం వాటిని కత్తిరించి మళ్లీ రాసుకుంటుంది. మనందరి ఒంట్లో పగలంతా ఈ దిద్దుబాటు నడుస్తూనే ఉంటుంది. కొందరు పిల్లలు ఈ దిద్దే శక్తి లేకుండా పుడతారు. జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అంటారు. 1968లో జేమ్స్ క్లీవర్ దీని కారణం పట్టుకున్నాడు. ఆ పిల్లలకు ఎండే దుష్మన్, చిన్న వయసులోనే కాన్సర్లు వస్తాయి. 1991లో ఇంకో సబూత్ దొరికింది. చర్మ కాన్సర్లలో పీ53 అనే కావలి జన్యువు చెడి ఉంటుంది. ఆ చెడటంలో అల్ట్రావయొలెట్ ముద్ర, దస్తఖత్ చేసినట్టు, కనిపించింది. అక్షరాలు తప్పు పడిన తీరు చూసి ఇది ఎండ చేసిందేనని చెప్పగలిగారు.

మామూలుగా అఖ్బార్లలో కహానీ ఇక్కడికే అయిపోతుంది. ఎండ తగిలింది, డీఎన్‌ఏ చెడింది, కాన్సర్ వచ్చింది. కానీ చెడిన కణాలు మనందరిలో ఉన్నాయి. చిన్నప్పటి నుంచి ఎండలో తిరిగినవాళ్లందరి చర్మంలో అలాంటివి లెక్కలేనన్ని. వాటిలో దాదాపు ఏదీ కాన్సర్‌గా మారదు. ఎందుకు?

దీని జవాబుకు దారి చూపింది మార్గరెట్ క్రిప్కే అనే అమెరికా శాస్త్రవేత్త. ఆమె పేపరు కూడా 1974దే. పువా వచ్చిన సంవత్సరమే. ఎలుకలకు నెలల తరబడి అల్ట్రావయొలెట్ ఇస్తే చర్మం మీద గడ్డలు లేచాయి. ఆ గడ్డను తీసి, అచ్చం అలాంటి జన్యువులే ఉన్న, వెలుగు తగలని ఎలుకలో నాటితే ఒళ్లు దాన్ని తిప్పికొట్టింది. గడ్డ కరిగిపోయింది. అంటే ఈ కాన్సర్ కణాలు పరాయివని ఒంటికి సాఫ్‌గా తెలుస్తోంది. అక్షరాలు అంతగా చెడ్డాయి కాబట్టి ముఖం మారిపోయింది, చౌకీదార్ పట్టేస్తున్నాడు. మరి మొదటి ఎలుకలో చౌకీదార్ ఏం చేస్తున్నట్టు? ఆ తర్వాతి ప్రయోగాల్లో తేలింది. గడ్డ ఇంకా రాని ఎలుకకు కొన్ని వారాలు వెలుగు ఇచ్చి, తర్వాత గడ్డ నాటితే, అది తిప్పికొట్టలేదు. గడ్డ పెరిగింది. ఎండ రాతను చెడగొట్టడమే కాదు, కావలివాణ్ని కూడా నిద్రపుచ్చుతోంది. ఇంకా విచిత్రం, ఆ ఎలుక తెల్లరక్తకణాలు తీసి వెలుగు తగలని ఎలుకకు ఎక్కిస్తే దానికీ ఆ నిద్ర వచ్చింది. అణచివేసే టీ కణాలని వాటిని అప్పట్లో అన్నారు. రెగ్యులేటరీ టీ కణాలు అని ఇప్పుడంటారు. ఊరుకోండి, గొడవ చేయకండి అని మిగతా కణాలకు చెప్పే పెద్దమనుషులు.

వెలుగు ఆ కబురు ఎలా పంపుతుంది? చర్మం పైపొరలో యూరోకానిక్ ఆమ్లం అనే పదార్థం ఉంటుంది. అల్ట్రావయొలెట్ పడగానే దాని ఆకారం మెలిక తిరుగుతుంది. ఆ మెలిక తిరిగినదే ఇమ్యూన్ వ్యవస్థను తగ్గించే సంకేతం అవుతుందని 1983లో డి ఫాబో, నూనన్ అనే ఇద్దరు చెప్పారు. డీఎన్‌ఏ దెబ్బ తినడం కూడా ఒక సంకేతమే. దక్షిణ అమెరికాలో పొట్టి తోక ఒపోసమ్ అనే చిన్న జంతువు ఉంది. అతుక్కున్న అక్షరాలను మామూలు వెలుతురుతో విడదీసుకునే ఎంజైమ్ దాని చర్మంలో ఉంది. 1989లో దానికి అల్ట్రావయొలెట్ ఇచ్చి, వెంటనే మామూలు వెలుతురు చూపించారు. రాత బాగుపడింది. ఇమ్యూన్ వ్యవస్థ కూడా నిద్రపోలేదు. అంటే నిద్రమాత్ర రాత చెడటంలోంచే పుడుతోంది. దీనికి ఉల్టా కూడా నిజం. ఇంటర్‌లూకిన్ 12 అనే ఇమ్యూన్ సంకేతం డీఎన్‌ఏ దిద్దుబాటును పెంచుతుందని 2002లో తేలింది. దిద్దేవాడు, కావలివాడు ఒకరికొకరు కబుర్లు పంపుకుంటారన్నమాట.

చర్మంలో మొదటి కావలివాళ్లు లాంగర్‌హాన్స్ కణాలు. 1868లో బెర్లిన్‌లో వైద్యం చదువుతున్న పౌల్ లాంగర్‌హాన్స్ వాటిని చూసి నరాలకు సంబంధించినవి అనుకున్నాడు. అవి పరాయి ముక్క దొరికితే పట్టుకుని లింఫు గ్రంథి దాకా తీసుకెళ్లి టీ కణాలకు చూపిస్తాయి. గట్టి ఎండ తగిలితే ఇవి చర్మం వదిలి వెళ్లిపోతాయి. ఠాణా ఖాళీ.

ఇప్పుడు మంట గురించి. యునానీలో ఇన్‌ఫ్లమేషన్‌ను ఇల్తిహాబ్ అంటారు. అరబీలో లహబ్ అంటే నిప్పు జ్వాల. మన తెలుగులో మంట అంటే జ్వాలా అవుతుంది, ఒంట్లో రేగే నొప్పీ అవుతుంది. మూడు భాషలు తెలిసిన హకీమ్ ఎవరైనా ఈ మాట చూసి నవ్వుకుంటాడు. తెల్లచర్మం వాళ్లు బీచ్‌లో పడుకుంటే సాయంత్రానికి ఎర్రగా కమిలిపోతారే, అది ఇల్తిహాబ్. దెబ్బతిన్న పైకణాలు ప్రమాదం అని కేకలు వేస్తాయి. ఆ కేకలకు రక్తనాళాలు వెడల్పవుతాయి, న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు పరుగెత్తుకొస్తాయి, ప్రోస్టాగ్లాండిన్లు పుడతాయి.

ఇక్కడ నాకు మొదట అయోమయం కలిగింది. ఎండ ఇమ్యూన్ వ్యవస్థను నిద్రపుచ్చుతుంది అన్నారు. మళ్లీ ఎండ మంట రేపుతుంది అంటున్నారు. రెండూ ఎలా నిజం? చదివితే తెలిసింది, ఇమ్యూన్ వ్యవస్థ ఒక్క మనిషి కాదు, ఒక మొహల్లా. మంట రేపేవాళ్లు వేరు, ముఖం చూసి పరాయివాణ్ని పట్టేవాళ్లు వేరు. ప్రోస్టాగ్లాండిన్ ఈ2 అనే ఒకే పదార్థం చర్మాన్ని ఎర్రగా చేస్తుంది, ఇంటర్‌లూకిన్ 10 లాంటి అణిచే సంకేతాలనూ పుట్టిస్తుంది. అంటే వీధిలో హంగామా జరుగుతుంటే అసలు చౌకీదార్‌ను ఇంట్లో కూర్చోమన్నట్టు. ఆ హంగామాలో వచ్చే పెరుగుదల సంకేతాలు, కొత్త రక్తనాళాలు పుండు మానడానికి ఉద్దేశించినవే. కానీ చెడిన కణం పక్కన ఉంటే దానికీ అవే రిజ్క్ అవుతాయి. 1863లోనే జర్మనీ డాక్టర్ రుడాల్ఫ్ విర్షో, దీర్ఘకాలం మంట ఉన్నచోట కాన్సర్ పుడుతుందని అన్నాడు. 2014లో జర్మనీ శాస్త్రవేత్తలు మెలనోమా ఉన్న ఎలుకలకు చర్మం కమిలేలా వెలుగు ఇచ్చారు. న్యూట్రోఫిల్స్ వచ్చాయి, కాన్సర్ కణాలు రక్తనాళాల గోడలు పట్టుకుని ఊపిరితిత్తులకు పాకాయి. న్యూట్రోఫిల్స్‌ను ఆపితే ఆ పాకడం తగ్గింది.

మనుషుల్లో దీనికి గట్టి సబూత్ కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా జిందగీ అంతా ఇమ్యూన్ వ్యవస్థను తగ్గించే మందులు వాడాలి. నార్వేలో కిడ్నీ, గుండె మార్పిడి అయినవాళ్లను లెక్క తీస్తే స్క్వామస్ సెల్ కాన్సర్ మామూలు జనంకన్నా 65 రెట్లు ఎక్కువ. ఎండ అదే, చర్మం అదే, కావలి మాత్రమే తగ్గింది. వాటిలో అజాథయోప్రిన్ అనే మందు ఇంకో పని కూడా చేస్తుంది. అల్ట్రావయొలెట్ ఏ కిరణాలు డీఎన్‌ఏను ఎక్కువ దెబ్బతీసేలా చర్మాన్ని మారుస్తుంది.

అయితే ఒంటికి ఈ నిద్ర ఎందుకు పెట్టినట్టు? ఆలోచిస్తే ఇందులో హిక్మత్ ఉంది. రోజూ ఎండ తగులుతుంది, రోజూ లక్షల కణాల ముఖాలు కొంచెం మారతాయి. ప్రతిదానికీ చౌకీదార్ కర్ర ఎత్తితే చర్మం మిగలదు. లూపస్ ఉన్నవాళ్లు ఎండలోకి వెళ్తే ఎలా దద్దుర్లెక్కుతారో చూడండి. అంటే ఒళ్లు సబ్ర్ నేర్చుకుంది. ఆ సబ్ర్ నుంచే సోరియాసిస్‌కు లైట్ ట్రీట్‌మెంట్ వచ్చింది. రెచ్చిపోయిన టీ కణాలను వెలుగు శాంతపరుస్తుంది. దవా పనిచేసే దారి, కాన్సర్ వచ్చే దారి చాలా దూరం ఒకటే. ఎంత వెలుగు, ఎన్ని రోజులు, ఎవరి చర్మం అన్న దగ్గర విడిపోతాయి.

ఇక బర్స్ సంగతి. ఇక్కడ నేను కుర్చీలోంచి లేచి రెండు చక్కర్లు కొట్టాను. బర్స్ అంటే చౌకీదార్ అతిగా మెలకువగా ఉండటం. టీ కణాలు రంగు చేసే మెలనోసైట్లను పరాయివనుకుని చంపుతాయి. మెలనోమా కాన్సర్ పుట్టేది సరిగ్గా ఆ మెలనోసైట్లలోంచే. రంగు లేని చర్మానికి ఎండనుంచి ఆడ్ లేదు కదా, బర్స్ ఉన్నవాళ్లకు కాన్సర్ ఎక్కువ రావాలి అని ఎవరైనా అనుకుంటారు. యూరప్‌లో లెక్కలు తీస్తే ఉల్టా వచ్చింది. 2013లో నెదర్లాండ్స్ అధ్యయనం, తర్వాత ఇటలీది, బర్స్ ఉన్నవాళ్లలో మెలనోమా, మిగతా చర్మ కాన్సర్లు రెండూ తక్కువని చెప్పాయి. దావత్‌లో పక్కన కూర్చోడానికి జనం భయపడిన మా ఫుప్పు చర్మంలో, అందరికన్నా గట్టి పహారా ఉండేదేమో.

కాన్సర్ డాక్టర్లకు ఈ బంధుత్వం ఇంకోవైపు నుంచి కనిపించింది. టీ కణాలకు ఉండే బ్రేకులు తీసేస్తే అవి కాన్సర్‌ను చంపుతాయని కనుక్కున్నందుకు జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ ఇచ్చారు. ఈ తరహా మొదటి మందుకు 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది మెలనోమా కోసమే. ఎండ వల్ల అక్షరాలు అంతగా చెడిన కాన్సర్ కాబట్టి చౌకీదార్ లేస్తే సులువుగా పట్టేస్తాడు. మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు 2015లో మెలనోమా కాలేయానికి, మెదడుకు పాకింది. తొంభై దాటిన మనిషి. ఆపరేషన్, రేడియేషన్‌లతో పాటు ఈ రకం మందు ఇచ్చారు. అదే డిసెంబర్‌లో కాన్సర్ కనిపించడం లేదన్నారు. 2024 దాకా బతికి నూరేళ్లు నింపుకున్నాడు. ఈ మందులు వాడే మెలనోమా మరీజుల్లో కొందరికి ఒంటిమీద తెల్లమచ్చలు లేస్తాయి. వాళ్ల డాక్టర్లు అది చూసి సంతోషిస్తారు. మందు పనిచేస్తోందని నిషానీ అది. మన దగ్గర రిష్తా తెగగొట్టే దాగ్, అక్కడ ఖుష్‌ఖబర్.

ఇదంతా చదివాక ఆపాకు చెప్పింది ఇది.

ఒకటి, భాంజీకి రాసింది పువా కాదు. సోరాలెన్ లేదు. ఇది నారోబ్యాండ్ యూవీబీ, 311 నానోమీటర్ల దగ్గరి సన్నని పట్టీ. బర్స్‌కు దీన్ని వాడటం 1997 నుంచి ఉంది. కొరియాలో ఆరోగ్య బీమా రికార్డులతో బర్స్ మరీజులను పదేళ్లు చూశారు. ఈ వైద్యం వల్ల చర్మ కాన్సర్ పెరగలేదు. 200 సార్లకు మించి తీసుకున్నవాళ్లలో యాక్టినిక్ కెరటోసిస్ అనే గరుకు మచ్చలు మాత్రం ఎక్కువ కనిపించాయి. కాబట్టి ఎన్నిసార్లు తీసుకుంటున్నామో లెక్క మన దగ్గరా రాసిపెట్టుకోవాలి. ఆస్పత్రి మారితే ఆ కాపీ వెంట పోవాలి. కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఆరు నెలలైనా రంగు కదలకపోతే ఇంకా ఎందుకు అని డాక్టరమ్మను అడగాలి.

రెండు, బావంచాల నూనె ఇంట్లో పూసి ఎండలో కూర్చోబెట్టవద్దు. హకీమ్ సాబ్ దగ్గరైనా, డాక్టర్ దగ్గరైనా, మోతాదు కొలిచేవాళ్ల చేతిలోనే అది దవా.

మూడు, డాక్టరమ్మ రాసిన పూతమందు టాక్రోలిమస్. ఈమధ్య రుక్సోలిటినిబ్ క్రీమ్ కూడా వచ్చింది, అమెరికాలో 2022లో అనుమతి. టీ కణాలు పంపే ఇంటర్‌ఫెరాన్ గామా కబురును దారిలోనే ఆపుతుంది. దాని కాగితం మీద చర్మ కాన్సర్ హెచ్చరిక కూడా ఉంది. కావలివాణ్ని తగ్గించే మందులు కొన్ని అలాంటి హెచ్చరికతో వస్తాయి. భయపడటానికి కాదు, చర్మం మీద కొత్తది ఏదైనా వస్తే చూపించడానికి.

నాలుగు, ఎండ మనకు దుష్మన్ కాదు. విటమిన్ డి దానివల్లే తయారవుతుంది. మన చామనఛాయలోని మెలనిన్ చాలా పెద్ద ఆడ్. మన దేశంలో చర్మ కాన్సర్ తెల్లవాళ్ల దేశాలకన్నా చాలా తక్కువ. కానీ దాగ్ ఉన్నచోట ఆ ఆడ్ లేదు. మధ్యాహ్నం ఎండలో అక్కడ దుపట్టా గానీ సన్‌స్క్రీన్ గానీ ఉండాలి.

ఆపా అంతా విని, "ఠీక్ హై, కరాలేంగే" అంది. భాంజీ ఫోన్ లాక్కుంది. "మామూ, నాకు మొహం ఒక్కటి చాలు. మోచేతులు ఉంటే ఉండనీ. సగం వెలుగుతో సరిపోతుంది కదా?" అంది. డాక్టరమ్మను అడిగితే, మొహానికి మాత్రమే ఇవ్వొచ్చు, మిగతా ఒళ్లు కప్పేస్తాం అందట. ఆ మాట చెప్పే ఇజాజత్ మా ఫుప్పుకు ఆ రోజుల్లో ఎవరూ ఇవ్వలేదు.

ఇది చదివే మీలో చాలామందికి లైట్ ట్రీట్‌మెంట్‌తో పని ఉండదు. కానీ మంట గురించి చదివింది మనందరికీ పనికొస్తుంది. నల్లచర్మం, చామనచర్మం వాళ్లకు స్క్వామస్ సెల్ కాన్సర్ ఎండ తగిలే చోటకన్నా పాత కాలిన మచ్చల్లో, ఏళ్ల తరబడి మానని పుండ్లలో ఎక్కువ వస్తుంది. కశ్మీర్‌లో చలికాలం ఫెరన్ లోపల నిప్పుల కాంగ్డీ పెట్టుకుంటారు. పొట్టమీద, తొడలమీద కాంగ్డీ కాన్సర్ వస్తుందని ఎల్మ్‌స్లీ అనే డాక్టర్ 1866లోనే రాశాడు. ఎండ లేకుండానే, ఏళ్ల వేడి, ఏళ్ల మంట. మెలనోమా కూడా మన రంగువాళ్లకు అరికాలు, అరచేయి, గోళ్ల కింద ఎక్కువ. గాయకుడు బాబ్ మార్లే కాలి గోరు కింద వచ్చిన మెలనోమాతోనే 1981లో, 36 ఏళ్లకే పోయాడు.

అందుకని ఇంట్లో పెద్దవాళ్ల కాళ్లు ఒకసారి చూడండి. స్టౌ పేలి కాలిన పాత మచ్చ మళ్లీ పుండు పడిందా? షుగర్ ఉన్న నానా కాలి పుండు నెలలుగా మానడం లేదా? అంచులు గట్టిపడి పైకి లేస్తున్నాయా? గోరు కింద నల్లచార వెడల్పవుతోందా? పసుపు, తైలం పెట్టి దాచకండి. చర్మ డాక్టర్‌కు చూపించండి, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్ష చేయమనండి. తొందరగా దొరికితే చాలావరకు కోసి తీసేస్తే అయిపోయే బిమారీ ఇది.

ఇక సఫేద్ దాగ్ ఉన్నవాళ్లు దావత్‌లో కనిపిస్తే, వెళ్లి వాళ్ల పక్క జాగాలో కూర్చోండి.